మూడు ఉత్తర్వుల నాచు

మూడో ఉత్తర్వు సోమవారం వచ్చింది. మొదటి రెండింటినీ ప్రయోగశాల గోడకు అంటించి ఉంచాను కనుక దీన్నీ వాటి పక్కనే అంటించి, రెండడుగులు వెనక్కి జరిగి మూడింటినీ వరసగా చదివాను. విడివిడిగా చదివితే ఒక్కొక్కటీ ఎంతో సబబుగా ఉంది. కలిపి చదివితే ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత భయం వేసింది.

హేగ్ నగరంలో కూర్చున్న ముగ్గురు మధ్యవర్తులు ఏమన్నారంటే, వివాదం తేలేవరకు తొట్టిలో ఉన్న నాచులో ఒక్క రేణువు కూడా నాశనం కాకూడదు. సింగపూర్‌లో కూర్చున్న మరో ముగ్గురు, ఉన్న నాచు ఉన్నంతే ఉండాలి, పిసరు కూడా పెరగకూడదు అన్నారు. ఇక మన జిల్లా కోర్టువారు, అందులో ఏ భాగమూ ప్రయోగశాల గేటు దాటకూడదన్నారు. మూడింటిలోనూ సంరక్షకురాలిగా రాసిన పేరు ఒకటే, డాక్టర్ పొట్నూరు హైమవతి. అంటే నేను. ఏది మీరినా జైలుకు వెళ్ళేదీ నేనే.

ఆ నాచేమో నాలుగు రోజులకోసారి రెట్టింపవుతుంది.

ఇరవై రెండేళ్ళు పట్టింది నాకు దాన్ని తయారు చేయడానికి. నీడలో ఉన్న ఉప్పునీటి మీద చాపలా పరుచుకుంటుంది, నీళ్ళలోని ఉప్పును తినేస్తుంది. వారం పోయాక ఆ చాపను పైకెత్తితే వీపంతా తెల్లగా ఉప్పు కట్టి ఉంటుంది. కింద మిగిలినవి మంచినీళ్ళు. ప్రతి ఉదయం మా అటెండరు తవిటమ్మ తొట్టి అడుగునున్న కుళాయి తిప్పి ఒక గ్లాసు పట్టి నాకిచ్చేది. నేను తాగి, రుచి ఎలా ఉందో పుస్తకంలో రాసేదాన్ని. యంత్రం చెప్పే అంకె కూడా రాసేదాన్ని గాని, నాకు నమ్మకం నా నాలుక మీదే.

"ఒకే గొడవకు ఇన్నిచోట్ల ఎందుకండీ?" అని మా వకీలు సన్యాసిరావు గారిని అడిగాను.

ఆయన కుర్చీ జరుపుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు. "నాచు గురించి మీ కంపెనీతో చేసుకున్న ఒప్పందాన్ని ప్రభుత్వం రద్దు చేసింది కదా మేడమ్. తల్లి కంపెనీ విదేశీది. అది దేశాల మధ్య పెట్టుబడుల ఒప్పందం పట్టుకుని హేగ్ వెళ్ళింది. పిల్ల కంపెనీ ఇక్కడిది. అది కాంట్రాక్టు కాగితం పట్టుకుని సింగపూర్ వెళ్ళింది. ఒకచోట ఓడినా రెండోచోట గెలవొచ్చని. నాచు ఎంత విలువైందో చూపించడానికి హేగ్ వాళ్ళకు అది బతికుండాలి. రద్దయిన కాంట్రాక్టు కింద దాన్ని పెంచి వాడుకోకూడదని సింగపూర్ వాళ్ళ పట్టు."

"మరి జిల్లా కోర్టు?"

"అది మన అప్పన్న వేశాడు. నాచు బయటికొస్తే ఉప్పు మడుల్లో ఉప్పు మిగలదని, ఉప్పు రైతుల సంఘం తరఫున."

అప్పన్న ఆ సంఘానికి అధ్యక్షుడు. మా తవిటమ్మ మొగుడు కూడా.

"ఒకరి సంగతి ఒకరికి తెలియదా?"

"భేషుగ్గా తెలుసు. తెలిసినా తెలియనట్టుండటం అక్కడ మర్యాద."

నేను మూడు చోట్లకూ ఉత్తరాలు రాశాను. చంపకూడదు, పెరగనివ్వకూడదు, బయటికి పంపకూడదు, మరి రేపు పొద్దున తొట్టిలో ఎక్కువయ్యే నాచును ఏం చేయమంటారు అని వినయంగా అడిగాను. హేగ్ నుంచి జవాబు వచ్చింది. సింగపూర్ ఉత్తర్వు వేరే పక్షాల మధ్య, వేరే కాగితం మీద నడుస్తున్నది కనుక దానిపై వ్యాఖ్యానించలేమనీ, తమ ఉత్తర్వు మాత్రం అమల్లోనే ఉందనీ. సింగపూర్ జవాబులో ఊరి పేరు తప్ప మిగతాదంతా అదే. జిల్లా కోర్టుకు వేసవి సెలవులిచ్చారు.

నా మొహం చూసి తవిటమ్మ చీపురు పక్కన పెట్టింది. "మీరు బెంగెట్టుకోకండి మేడమ్‌గారూ. ఆ పొంగు సంగతి నాను సూసుకుంటాను" అంది.

ఎలాగని నేను అడగలేదు. అడగకపోవడంలో నాకు కొంత సుఖముంది, ఒప్పుకుంటున్నాను. ప్రతి సోమవారం నాచును తూచేదాన్ని. నలభై కిలోలు. మళ్ళీ సోమవారం నలభై. మూడు చోట్లకూ 'మార్పు లేదు' అని రాసి పంపేదాన్ని. మూడు చోట్ల నుంచీ ధన్యవాదాలు వచ్చేవి.

అసలు సంగతి బయటపడింది టీ వల్ల.

మేం దిబ్బలపాలెం చివర ఒక అద్దె ఇంట్లో ఉంటున్నాం. సముద్రం కూతవేటు దూరం. ఊళ్ళో ఏ నుయ్యి చూసినా ఉప్పునీళ్ళే. వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తుంది, ఆ నీళ్ళూ ఉప్పగానే ఉంటాయి, అయినా బిందెల వరస రోడ్డు దాకా ఉంటుంది. మా ఆయన జగ్గారావు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ముప్పయ్యేళ్ళు రకరకాల స్టేషన్లలో టీ తాగిన మనిషి కనుక నా టీకి వంకలు పెట్టే హక్కు తనకుందని ఆయన నమ్మకం. అలాంటిది ఒకనెల నుంచి ఆయన వంకలు పెట్టడం మానేశారు. అసలు ఇంట్లో టీయే మానేశారు.

"ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. పొద్దున్నే అప్పలసూరి ఇంట్లో తాగుతున్నాను, సాయంత్రం కరణం గారింట్లో. ఊళ్ళో అందరి టీ బాగుంటోంది హైమా. మనింట్లోనే సముద్రం తాగుతున్నట్టుంటుంది."

"వాళ్ళదీ ట్యాంకరు నీళ్ళే కదా."

"ట్యాంకరు దగ్గర ఇప్పుడు ఎవరూ నిలబడటం లేదు. నువ్వు ఊళ్ళోకి వచ్చి ఎన్నాళ్ళయింది?"

నిజమే, నేను ఇంటి నుంచి ప్రయోగశాలకు, ప్రయోగశాల నుంచి ఇంటికి. చెప్పులేసుకుని నేరుగా తవిటమ్మ ఇంటికి వెళ్ళాను. పెరట్లో నుయ్యి మీద తాటాకు తడిక కప్పి ఉంది. తడిక పక్కకు జరిపి లోపలికి చూశాను. నా నాచు నీళ్ళ మీద నిండా పరుచుకుని ఉంది. తొట్టిలో ఎన్నడూ అంత ఆరోగ్యంగా లేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ వెంటనే మూడు ఉత్తర్వులూ గుర్తొచ్చి తడిక మళ్ళీ కప్పేశాను.

"గేటు దాటించావా తవిటమ్మా?"

"దాటించినాను." తవిటమ్మ దాచలేదు, తడబడలేదు. "పారబోస్తే సంపేసినట్టు గదా, అది వొద్దన్నారు. తొట్టిలోనే ఉంచితే పెరిగినట్టు గదా, అదీ వొద్దన్నారు. మరి నానేటి సేసీది? క్యారేజీలో ఏసుకోనొచ్చి మా నూతిలో ఇడిసినాను."

"మరి ఊరంతా ఎలా పాకింది?"

"గిన్నెట్టుకోని తోడుకొచ్చినోల్లని నేదని పంపీమంటారేటి?"

ఆ ఊళ్ళో పెరుగు తోడుకు ఎవరొచ్చినా లేదనరు. పడని మనిషైనా సరే, పొద్దు వాలేలోగా వస్తే ఒక గరిటెడు వేసి పంపాల్సిందే. తవిటమ్మ నాచుకూ అదే పద్ధతి పెట్టింది. దీపాలవేళ దాటాక వచ్చిన వాళ్ళను మాత్రం రేపు రమ్మని పంపేసిందట.

"ఇది పెరుగు కాదు తవిటమ్మా. కోర్టుల్లో నలుగుతున్న వస్తువు."

"తోడిస్తే మనది తరుగుద్దేటి? మీరు సోమారం సోమారం తూస్తన్నారు గదా. ఎప్పుడైనా తరిగినాదా?"

నేను మూడు దేశాల లాయర్ల వాదనలు చదివాను. దీనికి జవాబు వాటిలో ఎక్కడా లేదు.

నేను అక్కడ ఉండగానే అప్పన్న వచ్చాడు. మనిషి పొడుగు, మాట తక్కువ. అతని మడి పక్కన తాటాకు పందిరి కింద ఒక గుంట ఉంది. చిక్కటి ఉప్పునీళ్ళు అందులో నిలవ చేసి మడిలోకి వదులుతాడు. ఈసారి వదిలితే ఉప్పు కట్టలేదు. చెయ్యి ముంచి నోట్లో పెట్టుకుంటే నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

"నా పెళ్ళాం బిందె ఆ గుంటలో కడిగినాదండి" అన్నాడు నాతో, తవిటమ్మ వైపు చూడకుండా. "నానేమో కోర్టులో కేసేసినాను, గేటు దాటకూడదని. ఇది ఇంట్లోనే ఎట్టుకోని కూకుంది. సంఘంలో నా మొకం ఎక్కడెట్టుకోవాల?"

"పందిరి తీసెయ్యి అప్పన్నా. ఎండ తగిలితే గంటలో చచ్చిపోతుంది. మడుల్లోకి అది ఎప్పటికీ రాదు, గుంటకు నీడ లేకపోతే చాలు."

"ఈ మాట ముందే సెప్తే నాను కేసే ఎయ్యకపోదును గదా."

అదీ నిజమే. మా కంపెనీ పుస్తకాల్లో ఆ సంగతి నలభయ్యో పేజీలో ఉంది, ఇంగ్లీషులో. ఊళ్ళోకి వచ్చి ఒక్కరికీ నోటితో చెప్పలేదు. తప్పు నాదే.

పందిరి తీసేశాక గుంట బాగుపడింది గాని, ఆ విడత ఉప్పు పోయింది. ఎండనపడి రెండు నెలలు కాళ్ళతో తొక్కి చదును చేసిన మడి అది. అప్పన్న ఆ తర్వాత భార్యతో మాట్లాడటం మానేశాడు. కోర్టుకు వెళ్తావా అని అడిగితే "ఆలోసిస్తాను" అన్నాడు.

నాకు భయం పట్టుకుంది. మర్నాటి నుంచి తొట్టిలో చెయ్యి పెట్టవద్దని తవిటమ్మకు గట్టిగా చెప్పాను. పొంగు తియ్యవద్దు, క్యారేజీ ఖాళీగా వెళ్ళాలి. పెరిగితే పెరిగిందని నిజమే రాస్తాను, ఏమైతే అయిందన్నాను. తవిటమ్మ నా వైపు జాలిగా చూసి సరేనంది.

నాచు నాలుగు రోజుల్లో రెట్టింపయింది. మరో నాలుగు రోజులకు తొట్టి అంచు దాటి ఉబ్బింది. పై పొర కింది పొరను అదిమేసింది, కింద గాలి ఆడలేదు. తొమ్మిదోరోజు అంచులు నల్లబడ్డాయి. పదోరోజు కంపు మొదలైంది. పొంగు ఏనాడూ వదలకుండా తీస్తేనే అది బతుకుతుందని నాకు తెలియదా? తెలుసు. తెలిసి, ముగ్గురు ముగ్గురు పెద్దమనుషులకు జడిసి చేతులు కట్టుకుని నిలబడ్డాను. పదకొండోరోజు కుళాయి తిప్పి పట్టిన గ్లాసులో బురద వచ్చింది. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. తవిటమ్మ నా పక్కన కూర్చుంది గాని, 'నేను చెప్పానా' అనలేదు. ఆ మంచితనం ఆమెకుంది.

నాచు చచ్చిపోయిందని రాస్తే మూడు చోట్లా పెద్ద కదలిక వచ్చింది. హేగ్‌లో కూర్చున్నవాళ్ళూ సింగపూర్‌లో కూర్చున్నవాళ్ళూ మొదటిసారి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. అందరూ కలిసి ఒకే నిపుణురాలిని పంపడానికి ఒప్పుకున్నారు. సెలవులు ముగించుకొచ్చిన జిల్లా కోర్టు కూడా సరేనంది. కెన్యా నుంచి డాక్టర్ వంజిరు వస్తున్నారు.

"అది బతికుండగా ఈ పని చేసుంటే ఎంత బాగుండేది" అన్నాను.

"బతికున్నప్పుడు ఎవరి వాటా వాళ్ళు చూసుకుంటారు మేడమ్" అన్నారు సన్యాసిరావు గారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. ఊళ్ళో సంగతి ఆయనకూ తెలుసు, వాళ్ళావిడ పుట్టిల్లు పక్క పాలెమే. "మీ ముందు రెండు దారులున్నాయి. ఊరి నూతుల్లో ఉందని చెప్పారనుకోండి, నూతులన్నీ సాక్ష్యం కిందికి వస్తాయి. కేసు తేలేవరకు సీలు వేస్తారు. తేలడానికి ఎన్నేళ్ళో నేను చెప్పలేను. తవిటమ్మ మీద కోర్టు ధిక్కారం. చెప్పలేదనుకోండి, బతికున్న నమూనా లేదు కనుక ఆవిష్కర్తగా మీ నమోదు రద్దవుతుంది. ఇక ఆ నాచు ఎవరి పేరునా ఉండదు. అది నాదని మీరు మళ్ళీ ఎక్కడా అనలేరు."

ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెప్పాను.

"ఇరవై రెండేళ్ళు నీతోపాటు నేనూ ఆ నాచుతో కాపురం చేశాను. ఒక మాట అనొచ్చా?"

"అనండి."

"నువ్వు అబద్ధం ఆడలేవు. మొహం పట్టిస్తుంది. అందుకని వాళ్ళు ఏం అడుగుతారో సరిగ్గా విను. అడిగినంతకే జవాబు చెప్పు."

"నా పేరు పోతుందండీ."

"పోతుంది" అన్నారు. ఓదార్చడానికి ఇంకేదో చెబుతారనుకున్నాను. చెప్పలేదు. లేచి వెళ్ళి ఆ ఉప్పునీళ్ళతోనే ఇద్దరికీ టీ పెట్టుకొచ్చి, ఒక్క వంకా పెట్టకుండా తాగారు.

డాక్టర్ వంజిరు పొట్టి తెల్లజుట్టుతో, కాన్వాస్ బూట్లతో వచ్చారు. నాలుగు పదుల వయసు దాటిన దగ్గర్నుంచీ ఉప్పునేలల మీదే పనిచేస్తున్నానని చెప్పారు. తొట్టి చుట్టూ తిరిగి, ఏడు చోట్ల నుంచి ముక్కలు తీసి, ఒక్కొక్కటీ సూక్ష్మదర్శినిలో ఓపిగ్గా చూశారు. మొత్తం చచ్చిపోయిందన్నారు. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో బాధ ఉంది. ప్రాణమున్న వాటితో పనిచేసేవాళ్ళకు ఆ బాధ తెలుసు.

తర్వాత అప్పన్నను పిలిచారు. సన్యాసిరావు గారు తెలుగు చేసి చెప్పారు. నాచు మీ మడుల వైపు వచ్చిన ఆనవాళ్ళు ఏమైనా ఉన్నాయా, ఉప్పుకు నష్టం జరిగిందా అని ప్రశ్న. తవిటమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

అప్పన్న భార్య వైపు చూశాడు. నెల రోజుల్లో అదే మొదటిసారి చూడటం.

"ఈ ఏడు ఎండలు సరిగ్గా కాయనేదండి" అన్నాడు. "ఒక గుంట ఉప్పు పోనాది. మిగతాదంతా బాగే ఉంది."

బయట ఎండ పెంకులు పగలగొడుతోంది. డాక్టర్ వంజిరు కిటికీలోంచి ఒకసారి చూసి, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.

ఇంతలో తవిటమ్మ, వచ్చిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని గుర్తొచ్చి, స్టీలు గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు. నేను ఆపేలోగా డాక్టర్ వంజిరు గ్లాసు ఎత్తేశారు. సగం తాగి ఆగి, గ్లాసులోకి చూశారు. ఉప్పు కొలిచే పరికరం ఆమె చొక్కా జేబులోనే ఉంది. చెయ్యి అటు వెళ్ళి, మళ్ళీ గ్లాసు మీదికి వచ్చింది. మిగతా సగమూ తాగారు.

"ఇక మీకు ఒక ప్రశ్న" అన్నారు నాతో. "ఈ ఆవరణలో గాని, మీ అధీనంలో గాని, మీ ఇంట్లో గాని, ఈ నాచులో బతికున్న భాగం ఏదైనా ఉందా?"

ఊళ్ళో ఇంకా ఉప్పునీళ్ళతో మిగిలిన నుయ్యి మాదొక్కటే. ఉత్తర్వు ఉంది కదా అని నేను అందులో వేసుకోలేదు.

"లేదు" అన్నాను. నిజమే చెప్పాను.

"మీరుగా ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

చెప్పాలనుంది. అది నాది, నా వయసంతా పోసి పెంచాను, చావలేదు, గోడ అవతల నూట ఎనభై నూతుల్లో హాయిగా ఉంది, వచ్చి చూడండి అని ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాలనుంది. ఒక శాస్త్రవేత్తకు ఇంకొక శాస్త్రవేత్త దొరికిన రోజది. ఆమె కలం ఎత్తిపట్టుకుని, తొందర పెట్టకుండా ఎదురుచూశారు.

"ఏమీ లేదండీ" అని సంతకం పెట్టాను.

ఆమె కాగితం మడిచి, తవిటమ్మ వైపు తిరిగి ఇంకో గ్లాసు నీళ్ళు అడిగారు.

నివేదిక అందాక హేగ్ వాళ్ళూ సింగపూర్ వాళ్ళూ తమ ఉత్తర్వు వల్ల నాచు చావలేదని చెరో పది పేజీలు రాశారు. పట్టుకు లాగడానికి మధ్యలో వస్తువు లేకపోవడంతో రెండు కేసులూ ఒకే బల్ల దగ్గరికి చేరి, రెండు నెలల్లో రాజీ అయిపోయాయి. అప్పన్న తన కేసు వెనక్కి తీసుకున్నాడు. తవిటమ్మతో మాటలు కలిపాడు గాని, బిందె సంగతి ఎత్తితే ఇప్పటికీ ఊరుకోడట. నా నమోదు రద్దయినట్టు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివి పెట్టెలో పెట్టేశాను. గోడ మీది కాగితాలు పీకేశాను.

మర్నాడు పొద్దున మా ఆయన చిన్న గిన్నె ఒకటి నా చేతిలో పెట్టారు. "ఇప్పుడేం అడ్డు లేదుగా" అన్నారు.

తవిటమ్మ ఇంటికే వెళ్ళొచ్చు. కానీ నాకు అది ఎంతవరకు వెళ్ళిందో చూడాలనిపించింది. గిన్నె పట్టుకుని కాలవగట్టు మీద నడిచాను. పక్క పాలెంలో నూతుల మీద తడికలున్నాయి. ఆ తర్వాతి ఊళ్ళోనూ ఉన్నాయి. మూడో ఊరు మెట్టూరు. అక్కడ నన్నెరిగిన వాళ్ళు లేరు. ఒక అమ్మాయి అరుగు మీద కూర్చుని బియ్యం కడుగుతోంది. పాతికేళ్ళుంటాయేమో.

"నాచు తోడు కావాలమ్మా" అన్నాను.

ఏ ఊరని కూడా అడగలేదు. చేతులు తుడుచుకుని, నూతిలోకి చేద వేసి గరిటెడు నాచు తీసి నా గిన్నెలో వేసింది.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మా పిన్నత్త ఇచ్చినాదండి. ఆలకెవులిచ్చినారో మరి. మీరెప్పుడూ ఎయ్యనేదేటి?"

"లేదు. ఇదే మొదలు."

"అయితే ఇనండి. ఎండ తగలనీకండి. వారం రోజులు కదపకండి. పొంగు ఎప్పటికప్పుడు తీసి ఎవులికో ఒకలికి ఇచ్చీయండి, ఉంచేసుకుంటే కుల్లిపోద్ది. మొదట్లో ఈ బియ్యం కడుగు కాసిని పోయండి, రెండురోజుల్లో అందుకుంటాది."

బియ్యం కడుగు సంగతి నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళలో నాకు తట్టలేదు. ఎన్ని పొయ్యాలో, ఎప్పుడు పొయ్యాలో మళ్ళీ చెప్పించుకుని, విద్యార్థినిలా బుద్ధిగా విన్నాను. ఇంత సంతోషం నాకు ఏ బహుమతి అందుకున్న రోజునా కలగలేదు. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆ అమ్మాయి, నాకు చేతనవుతుందో లేదో అని బెదురుతున్నాననుకుంది.

"బయపడకండి" అంది. "ఒకేల సచ్చిపోనా బాద నేదు. మల్లీ రండి, ఇస్తాను."

సరేనమ్మా అన్నాను.